చిలకపచ్చలో తెలుపు

పొద్దున డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుని, టోపీ ఇంకా చేతిలో ఉండగానే, ఓబుళేసు బెంగుళూరు నుంచి ధర్మవరంలో ఉన్న భార్యకు ఫోన్ చేస్తాడు. బాగున్నావా అని అడగడు. తిన్నావా అని కూడా అడగడు.

"ఊదినావా?" అంటాడు.

"ఊదినాలే" అంటుంది సువర్ణ.

ఆ తర్వాతే మిగతా మాటలు.

ఊదవలసింది పిట్టల గిన్నెలోని పొట్టు. లవ్ బర్డ్స్ అని సంతలో అమ్మే చిన్న పిట్టలు కొర్రలను ఒక్కొక్క గింజే ఒలుచుకు తింటాయి. ఒలిచిన పొట్టు మళ్ళీ ఆ గిన్నెలోనే పడుతుంది. తేలిక కాబట్టి పైకి చేరుతుంది. అందుకే గింజలన్నీ అయిపోయినా గిన్నె నిండుగానే కనిపిస్తుంది. ఒకసారి గట్టిగా ఊదితే తప్ప అడుగున ఏముందో తెలియదు. పిట్టల్ని పెంచేవాళ్ళు మొదట నేర్చుకునేది ఇదే. ఓబుళేసుకు ఇది బాగా తెలుసు. తెలిసి కూడా, చెప్పవలసిన రోజున ఒక మనిషికి చెప్పలేదు.

అతను పుట్టుకతో పిట్టల మనిషి కాదు. పట్టునూలుకు రంగులు వేసేవాడు. మా వీధి చివర రేకుల షెడ్డులో అతని పొయ్యిలు, వాటి మీద తొట్లు ఉండేవి. చీరల వ్యాపారులు చిన్న గుడ్డముక్క తెచ్చి చేతిలో పెట్టి, "ఇదే రంగు రావాల ఓబుళేసూ" అనేవాళ్ళు. అతను ఆ ముక్కను ఎండలోకి తీసుకుపోయి, ముందొకసారి, వెనకొకసారి తిప్పి చూసి, "సాయంత్రానికి రాండి" అనేవాడు. నెమలికంఠం, వంకాయ, నిమ్మపండు, చిలకపచ్చ, ఏదడిగినా అదే వచ్చేది. ఒక్కొక్క పెళ్ళిళ్ళ కాలానికి ఒక్కొక్క రంగుకు గిరాకీ. నిరుడు ఎగబడి కొన్న రంగును ఈ ఏడు ముట్టుకునేవాళ్ళు ఉండరు. అది అతనికి కొత్త కాదు, బాధా కాదు. ఇంకో రంగు వేసేవాడు.

చిలపలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు, తొట్టిలోంచి తీశాక పిండటానికి ఇద్దరు కావాలి. ఒక కొస ఓబుళేసు పట్టుకునేవాడు, రెండో కొస సువర్ణ. ఎదురెదురుగా నిలబడి చెరొకవైపు మెలిపెట్టేవాళ్ళు. పెళ్ళయిన వారం నుంచి ఆమె పని అదే. సువర్ణ అరచేతి గీతల్లో చేరిన రంగు ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేయి చూసి వీధిలో ఆడవాళ్ళు, "ఈ వారం అంతా వంకాయ రంగేనా?" అని నవ్వేవాళ్ళు.

తర్వాత ఓబుళేసుకు దగ్గు పట్టుకుంది. మొదట్లో పొగ అనుకున్నారు. పొయ్యి వెలిగించని రోజు కూడా తగ్గలేదు. అనంతపురంలో డాక్టరు, ఆ తొట్ల ఆవిరి ఇక పీల్చవద్దన్నాడు. షెడ్డులో పొయ్యిలు ఆరిపోయాయి. సువర్ణ పక్క వీధి మగ్గాల వాళ్ళకు కండెలకు నూలు చుట్టే పనికి కుదిరింది.

సువర్ణ తమ్ముడు తిప్పేష్‌కు ముదిగుబ్బ బస్టాండు దగ్గర టీ హోటలుంది. బావ పొయ్యిలు ఆరిపోయాయని విని వాడొక పని వెతికి తెచ్చాడు.

"బావా, బెంగుళూరులో సెక్యూరిటీ పని ఉండాది. గేటు తీసేది, వేసేది. అంతే. కుర్చీ కూడా ఇస్తారు."

"మీ అక్క?"

"అక్క ఈడనే ఉంటాది. ఆడ మొగోళ్ళందరికీ కలిపి ఒక రూము ఇస్తారు."

"అయితే నువ్వు పో. టీ నేను కాస్తా."

తిప్పేష్ నవ్వాడు కానీ, ఓబుళేసు నవ్వలేదు. పెళ్ళయినాక అతను సువర్ణను వదిలి మూడు రాత్రులు కూడా బయట ఉన్న మనిషి కాదు. ఆ ఇల్లు, ఆ షెడ్డు, చిలప రెండో కొసన ఆమె. వాటిని దాటి వెళ్ళకుండా బతికే దారి ఏదైనా ఉందా అని ఆ నెలలన్నీ వెతికాడు.

దారి సంతలో కనిపించింది. హిందూపురం నుంచి మారుతి అనే అతను వారం వారం బండి మీద పంజరాలు కట్టుకుని వస్తాడు. అందులో ఒక పసుపు జంటను చూసి ఓబుళేసు ఆగిపోయాడు.

"ఇది నిమ్మపండు షేడు" అన్నాడు.

"ఏమో అన్నా, పిల్లలు చేస్తే నేనే తిరిగి కొంటా. బెంగుళూరులో ఎన్నిచ్చినా చాలవు" అన్నాడు మారుతి.

అలా మొదలైంది. చిలపలు ఆరేసే వెదురు కర్రలు కోసి పిట్టలు కూర్చునే దండేలు చేశాడు. పక్కన చిల్లులు పెట్టిన మట్టికుండలు జాలీకి కట్టాడు. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి, మారుతి తీసుకుపోయాడు. కొన్నాళ్ళకు, "అన్నా, పసుపు చాలు. ఇప్పుడు నీలం అడుగుతాండారు" అన్నాడు. ఓబుళేసు నీలం జంటలు పెట్టాడు. ఇంకొన్నాళ్ళకు మచ్చలవి అడిగాడు. అవీ పెట్టాడు. సువర్ణ విసుక్కుంది.

"ఏందయ్యా ఇది, పూటకొక రంగు?"

"చీరలకు మార్లేదా? వీటికీ అంతే."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం వెలిగిపోయేదని ఆమె చెబుతుంది. ఒక మనిషి మళ్ళీ గుమ్మంలో నిలబడి, ఫలానా రంగు కావాలని అడుగుతున్నాడు. అతనికి అదే చాలు. రెండేళ్ళు ఆ ఇంట్లో బెంగుళూరు మాట ఎవరూ ఎత్తలేదు.

మూడో ఏట వానల ముందు మారుతి బండి దిగుతూనే అన్నాడు.

"అన్నా, అన్నీ పక్కన పెట్టు. తెల్లవి కావాల. ఒంటి మీద ఒక్క చుక్క ఉండకూడదు. కళ్ళు ఎర్రగుండాల. అపార్ట్‌మెంటోళ్ళు వాటికోసమే పిచ్చెక్కినట్ల తిరుగుతాండారు. కావాలంటే ఒక జంట నేనే తెచ్చిస్తా, కొనుక్కో."

"రంగు కొనేదా? నేనా?"

"మళ్ళెట్ల చేస్తావు?"

"నువ్వు చెప్పు, ఎట్లొస్తాది?"

మారుతి తల గోక్కున్నాడు. "పసుపు, నీలం కలపాలంట. వాటిలోంచి తెల్లది వస్తాదంట. పెంచేవాళ్ళు చెప్పుకుంటా ఉంటే విన్యా."

ఓబుళేసు పకపకా నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఏ ఊర్లో అయినా పసుపు, నీలం కలిస్తే చిలకపచ్చ వస్తాదప్పా. ముప్పయ్యేండ్లు అదే కదా చేసినాను."

"పిట్టలు నూలు కాదు కదన్నా."

ఆ మాట అతని మనసులో పడింది. నవ్విన మనిషే మరుసటి వారం మంచి నీలం పోతులను ఏరి, ఎర్రకళ్ళ పసుపు పెట్టలతో జతచేశాడు. పంజరాలన్నిటినీ దానికే మార్చాడు. మచ్చలవి అమ్మేశాడు. ఇది కుదరకపోతే ఇక తిప్పేష్ చెప్పిన పనే దిక్కని సువర్ణతో అన్నాడు.

పిల్లలు కళ్ళు తెరవక ముందు నుంచే అతను కుండల్లోకి ఫోను లైటు వేసి చూడటం మొదలుపెట్టాడు. ఒంటి మీద ఏమీ లేని ఎర్రటి ముద్దలు. వాటిని చూసి ఏ రంగో చెప్పలేం.

"ఏం రంగు?" అని వాకిట్లోంచి సువర్ణ అడిగేది.

"ఇంకా తేలలేదు."

చిలప ఆరితే గానీ రంగు తేలదని తొట్ల కాలంలో కూడా ఇలాగే అనేవాడు. ఆమె కండె చుట్టుకుంటూ మళ్ళీ అడిగేది. అతను మళ్ళీ అదే చెప్పేవాడు. తర్వాత ఈకల మొనలు పొడుచుకొచ్చాయి. ఒక కుండలో చూశాడు. ఇంకో కుండలో చూశాడు. అన్ని కుండల్లోనూ చూసి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"చిలకపచ్చ" అన్నాడు.

ఒక్కటి కూడా తప్పలేదు. అన్నీ ఆకుపచ్చే. మారుతి వచ్చి పంజరాల ముందు నిలబడి పెదవి విరిచాడు.

"అచ్చం చెట్టు మీది చిలకల మాదిరి ఉండాయన్నా. వీటికి దుడ్లు ఎవురిస్తారు?"

"నేను ముందే చెప్పినా కదప్పా, చిలకపచ్చ వస్తాదని" అన్నాడు ఓబుళేసు. తన మాట నిజమైనందుకు అంతగా కుంగిపోయిన మనిషిని మా వీధి ఎప్పుడూ చూడలేదు.

అతని లెక్క అతనికి స్పష్టంగా ఉంది. పసుపు చిలపను ఒకసారి నీలంలో ముంచాక అది ఆకుపచ్చే. సబ్బు పెట్టి ఉడకబెట్టినా, సోడా వేసినా పసుపు తిరిగి రాదు, నీలమూ రాదు. తెలుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రంగు అక్కడితో ముగిసినట్టే. పిట్టలో కూడా ముగిసిందనే అనుకున్నాడు.

"ఇవి ఉండనీయప్పా. నాకు ఇవే పిట్టల మాదిరి కనపడతాండాయి" అంది సువర్ణ.

"మేత ఎవురేస్తారు? మీ తమ్ముడేస్తాడా?"

"ఏస్తాడు. వాడు నీ మాదిరి రంగు చూసి అన్నం పెట్టేవాడు కాదు."

అది కోపంతో అన్న మాటే. ఓబుళేసు మాత్రం అదే పట్టుకుని తిప్పేష్‌కు ఫోన్ చేశాడు. తిప్పేష్ సంబరపడుతూ ఆటో తీసుకుని వచ్చాడు. హోటల్లో పెడితే టీ తాగేవాళ్ళు పిట్టల్ని చూస్తూ ఇంకో టీ తాగుతారని వాడి ఆశ. ఆకుపచ్చ పిట్టలన్నీ, రెండు కుండలతో సహా, ఆటో ఎక్కాయి.

"మేత ఎట్ల బావా?"

ఓబుళేసు అప్పటికే లోపలికి తిరిగాడు. వాటి ముఖం చూడటం అతనికి ఇష్టం లేదు.

"గిన్నె ఖాళీ అయితే ఎయ్యి" అన్నాడు.

అంతే చెప్పాడు.

ఆ తర్వాత అతను ఎన్నడూ చేయనన్న పని చేశాడు. మిగిలిన పసుపు, నీలం పిట్టలన్నీ మారుతికి ఇచ్చేసి, బదులుగా ఒక తెల్ల జంట తీసుకున్నాడు. ఆ పిట్టలు నిజంగానే పాలనురుగులా ఉన్నాయి. ఓబుళేసు వాటికి మేత వేసేవాడు, నీళ్ళు పెట్టేవాడు. ఎండలోకి తెచ్చి తిప్పి చూడటం మాత్రం చేయలేదు. "కొన్న రంగు కదా" అనేది సువర్ణ. వేసవి వచ్చింది. రేకుల షెడ్డు మీద తడి గోనెలు కప్పాడు, ఫ్యాను పెట్టాడు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సువర్ణ మగ్గాల దగ్గర ఉంది. ఓబుళేసు బోరింగు దగ్గర నీళ్ళ కోసం వరుసలో నిలబడి ఉన్నాడు. అతను బిందె తెచ్చేసరికి రెండు పిట్టలూ పంజరం అడుగున పడి ఉన్నాయి.

ఖాళీ పంజరాలను గోడకు పేర్చి, తిప్పేష్‌తో, "బెంగుళూరోళ్ళతో మాట్లాడు" అన్నాడు. జూన్ తర్వాత రమ్మన్నారు. సువర్ణ అతని కోసం కొత్త దుప్పటి కొంది.

బయలుదేరవలసిన నెలలోనే తిప్పేష్ ఫోన్ చేశాడు. ఉద్యోగం గురించేమో అనుకున్నారు.

"బావా, ఒక పిట్ట తెల్లగా ఉండాది. కళ్ళు ఎర్రగుండాయి. ఏమన్నా రోగమంటావా?"

"యాడిది?"

"నువ్విచ్చినవాటి పిల్లేనప్పా. ఈ కుండలోనే పుట్టినాది."

"తమాషా చేయద్దు."

"తమాషా ఎందుకు చేస్తా? వచ్చి చూసుకో."

ఇద్దరూ మొదటి బస్సుకే ముదిగుబ్బ వెళ్ళారు. సువర్ణ సంచిలో కొర్రలు పోసుకుంది. ఊరికే చేతులూపుకుంటూ ఎందుకు పోవాలని.

పంజరం టీ పొయ్యికి కొంచెం అవతల, బిస్కెట్ల సీసాల పక్కన ఉంది. ఆకుపచ్చవి తాము పంపినన్ని లేవు. వాటి మధ్య ఒక నీలం పిట్ట ఉంది, ఒక పసుపుది ఉంది. పై దండెం మూలకు తెల్లది. ఒంటి మీద ఒక్క చుక్క లేదు. ఓబుళేసు కమ్మీలు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీని తల్లి ఏది?"

తిప్పేష్ వేలు పెట్టి చూపించాడు. ఆకుపచ్చ పెట్ట. దాని పక్కన ఆకుపచ్చ పోతు.

"ఈ నీలం, పసుపువి నువ్వే కలిపిచ్చినావేమో అనుకుంటి బావా. కావా?"

ఓబుళేసు కాదని తలూపాడు.

"ఇంకా రెండు తెల్లవి పుట్టినాయి" అన్నాడు తిప్పేష్. "నిలబడల్యా. పచ్చవి కూడా కొన్ని పోయినాయి. ఎందుకో తెల్దు. మేతకు నేనేం తక్కువ చేయల్యా. చూడు, ఇప్పుడు కూడా గిన్నె నిండుగానే ఉండాది."

ఓబుళేసు చేయి లోపలికి పెట్టి గిన్నె బయటికి తీశాడు. ముఖం దగ్గరికి తెచ్చుకుని ఊదాడు. పొట్టు లేచి టీ గ్లాసుల మీద, బల్ల మీద, కూర్చున్నవాళ్ళ మీద పడింది.

"ఏమప్పా, టీలో పొట్టు పడె!" అని ఎవరో అరిచారు.

గిన్నె అడుగున స్టీలు మెరిసింది. ఒక్క గింజ కూడా లేదు.

తిప్పేష్ ఆ గిన్నెను చూశాడు. బావ ముఖం చూశాడు. "నిండుగా ఉండ్య కదప్పా" అన్నాడు, గొంతు తగ్గిపోయి. "ఖాళీ అయితే ఎయ్యమంటివి. ఎప్పుడో ఒకసారి కిందికి దిగినట్ల కనపడితే ఏస్తా ఉంటి."

"నీది తప్పు లేదు. నేను చెప్పల్యా."

సువర్ణ సంచి విప్పి గిన్నెలో కొర్రలు పోసింది. గిన్నె లోపల పెట్టీ పెట్టకముందే పిట్టలన్నీ దాని మీదికి దిగాయి. తెల్లది కూడా దిగింది. గింజలు పగిలే చప్పుడు హోటలంతా వినిపించింది. ఓబుళేసు దూరంగా బెంచీ మీద కూర్చుని, అవి తినడం అయ్యేదాకా లేవలేదు.

తెల్ల పెట్టను, దానికి తోడుగా ఒక ఆకుపచ్చ పోతును చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో వేసుకుని తిరుగు బస్సెక్కారు. పెట్టె సువర్ణ ఒడిలో ఉంది. ఊరు దాటాక ఆమె అడిగింది.

"ఇన్ని దినాలూ ఆ పచ్చదాని లోపలే ఉండ్యా, తెలుపు?"

ఓబుళేసు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. వేరుశనగకు దున్నిపెట్టిన చేలు ఎర్రగా, వాన కోసం నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ఇంటికి చేరగానే మారుతికి ఫోన్ చేశాడు. సువర్ణ వినాలని స్పీకరు పెట్టాడు.

"తెల్లది పుట్టింది మారుతీ. ఎర్రకళ్ళు. పచ్చవాటికే పుట్టింది."

"పుడతాదన్నా. మొదటి పిల్లలకు రాదు. అన్నీ పచ్చవే వస్తాయి. నీలం, పసుపు లోపల దాంకోని ఉంటాయి. ఆ పచ్చవాటిని మళ్ళీ కలిపితే వాటి పిల్లల్లో వస్తాది, యాడో ఒకటి."

"ఆ పొద్దు చెప్పలేదే?"

"నాకూ ఆ పొద్దు తెల్దన్నా. తర్వాత ఇన్నాను. అయినా నువ్వు రంగుల మాస్టరువి, నీకు నేను చెప్పేదేంది అనుకుంటి."

తర్వాత ఓబుళేసు అన్నాడు.

"ఇంగా పచ్చవి ఉండాయి ముదిగుబ్బలో. తెచ్చుకుంటా. పిల్లలు చేస్తా. తీసుకుంటావా?"

"అన్నా... తెల్లవాటి మోజు అయిపోయిందన్నా. అందరింట్లో తెల్లవే ఇప్పుడు. షాపోళ్ళు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు ల్యారు. ఇప్పుడు పెద్ద పిట్టలు, చేతి మీద కూసోని ఆడేవి, వాటి మీద పడినారు. నిరుడు తెచ్చింటే నీ ఇంటి ముందర బండి పెట్టుకోని కాచుకోనుందును."

"సరేలే" అన్నాడు ఓబుళేసు. "సరేలేప్పా, ఉంటా."

ఫోను పెట్టేసి, షెడ్డులోకి వెళ్ళి, గోడకు పేర్చిన పంజరాల్లోంచి ఒకటి తీసి తుడిచాడు. తెల్లదాన్ని, ఆకుపచ్చదాన్ని అందులో వదిలాడు. కొర్రలు పోశాడు. సువర్ణను పిలిచి పక్కన నిలబెట్టుకుని, గిన్నె ఎలా తీయాలో, ఏ పక్కకు తిరిగి ఊదాలో చూపించాడు. ఆమెకు అది మూడేళ్ళుగా తెలుసు. అయినా తెలియనట్టే చూసింది.

మరుసటి సోమవారం అతను బెంగుళూరు వెళ్ళాడు.

ముదిగుబ్బలో తిప్పేష్ మిగిలిన పిట్టల్ని ఎవరికో ఇచ్చేశాడు. ఖాళీ పంజరంలో ఇప్పుడు నీళ్ళ సీసాలు పెట్టుకున్నాడు. అక్కకు ఫోన్ చేసినప్పుడు బావ ఎలా ఉన్నాడని అడుగుతాడు, పిట్టల మాట ఎత్తడు.

షెడ్డులో ఉన్న జంటకు సువర్ణ కుండ కట్టలేదు. కుండ లేకపోతే అవి గుడ్లు పెట్టవు. "పెట్టి ఎవురికియ్యాల?" అంటుంది. కండెల పని నుంచి వచ్చాక బట్టలు ఉతుక్కుంటుంది. పెద్ద దుప్పట్లు పిండవలసి వస్తే ఒక కొస షెడ్డు గుంజకు కట్టి, రెండో కొస తాను పట్టుకుని మెలిపెడుతుంది.

ఓబుళేసు యలహంక దగ్గర ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర పగటి డ్యూటీ చేస్తున్నాడు. నెలకు ఒక ఆదివారం సెలవు.